కాలేజీ, కార్ఖానా, సర్కారు మూడూ బెంగళూరులోనే ఉన్నాయి కదా, దేశరక్షణ పనిలో ఎందుకు కలవవు?

పీన్యా_లేత్
పీన్యా ఇండస్ట్రియల్ ఏరియా రెండో స్టేజీలో చిన్న మెషిన్ షాపు మాది. కంప్యూటర్‌తో నడిచే మెషిన్లు మూడు (రెండు సీఎన్‌సీలు, ఒక వీఎంసీ), కొన్ని పాత లేత్‌లు. డిఫెన్స్ పార్టులు చేసే పెద్ద కంపెనీలకు జాబ్ వర్క్ చేస్తాం. కొన్నాళ్ల కిందట ఒక ప్రభుత్వ సంస్థ నుంచి కబురొచ్చింది. బయటి దేశం నుంచి తెప్పించుకునే బుష్ (షాఫ్ట్ చుట్టూ ఉండే లోహపు తొడుగు) ఒకటుంది, ఇక్కడే చేయగలరా అని. మిషనింగ్ మాకొచ్చు గానీ ఆ లోహం సంగతి మాకు తెలీదు. దగ్గర్లో ఇంజనీరింగ్ కాలేజీలో మెటలర్జీ సార్‌ను పట్టుకున్నా. ఆయన కింద ఎంటెక్ చేసే పిల్లోడు పాత ముక్క కోసి, టెస్టులు చేసి, డ్రాయింగ్ గీసినాడు. మేం శాంపిల్ తీసినాం. ఇన్‌స్పెక్షన్‌లో పాసైంది.

అంతే, ఆడికే ఆగిపోయింది. ఆర్డర్ రాలే. మాతో మాట్లాడిన ఆఫీసర్ బదిలీ అయినాడు. పిల్లోడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి పోయినాడు, డ్రాయింగ్ వాడి ల్యాప్‌టాప్‌లోనే ఉండాది. ఇప్పుడు ఆ దేశం నుంచి సరుకు ఆగిపోయిందంట, మళ్లీ ఫోన్ చేసి శాంపిల్ ఇస్తారా అని అడుగుతాండారు. చదువుకున్నోళ్లు ఉండారు, చేసేవాళ్లు ఉండారు, కొనేవాళ్లు ఉండారు, అందరూ ఇదే ఊళ్లోనే. మధ్యలో పట్టుకునే చెయ్యే లేదు. నా ఒక్కడికేనా ఇట్లా?

ఓబులేసు_90
నీ ఒక్కడికే కాదన్నా. ఎల్-1, అంటే అందరికంటే తక్కువ ధర చెప్పినోడికే ఆర్డర్ ఇచ్చే పద్ధతి, ఉన్నంత కాలం అందరికీ ఇంతే. డెవలప్ చేసినోడు ఒకడు, పది రూపాయలు తక్కువ కోట్ చేసి ఆర్డర్ కొట్టేసేవాడు ఇంకొకడు.

సిల్క్‌బోర్డ్_యాత్రికుడు
మూడూ ఒకే ఊళ్లో ఉన్నాయి నిజమే. కానీ జాలహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి ఈ ట్రాఫిక్‌లో వెళ్లేలోపు డిజైన్ పాతబడిపోతుంది.

జాలహళ్లి_తాత
పీన్యా అబ్బాయి అడిగింది మంచి ప్రశ్న. నేను ఒక ప్రభుత్వ రంగ సంస్థలో రాడార్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. చూసినది, మా పెద్దల దగ్గర విన్నది చెబుతాను.

ఈ ఊళ్లో ఈ మూడూ ఒకప్పుడు కలిసే పుట్టాయి. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ అనే వ్యాపారి, మైసూరు సంస్థానం ప్రభుత్వం కలిసి హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే విమానాల కార్ఖానా పెట్టారు. అంటే చొరవ వ్యాపారిది, అండ సర్కారుది. విమానాల శాస్త్రం చెప్పేవాళ్లు కావాలి కదా, 1942లో ఇక్కడి సైన్స్ ఇన్‌స్టిట్యూట్ ఐఐఎస్‌సీలో ఏరోనాటికల్ శాఖ మొదలైంది. దాన్ని నిలబెట్టిన వి.ఎం. ఘాటగే అంతకుముందు ఆ కార్ఖానాలో పనిచేసినవాడే. తర్వాత మళ్లీ అక్కడికే వెళ్లి హెచ్‌టీ-2 ట్రైనర్ విమానం డిజైన్ చేశాడు. అది 1951లో ఎగిరింది. క్లాసు చెప్పినవాడే షెడ్డులో నిలబడి విమానం చేయించాడు.

మనవాళ్లకు గుర్తుండాల్సిన పేరు ఇంకొకటుంది. సూరి భగవంతం గారు, కృష్ణా జిల్లా ఆగిరిపల్లి మనిషి. ఐఐఎస్‌సీ డైరెక్టర్‌గా చేసి, అక్కడి నుంచే రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా వెళ్లారు. 1960లలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో ఎదిగింది ఆయన చేతుల మీదుగానే. ఆయన తర్వాత ఐఐఎస్‌సీకి వచ్చిన సతీశ్ ధావన్ అయితే 1972లో ఇస్రో పగ్గాలు పట్టుకున్నాక కూడా ఇన్‌స్టిట్యూట్ వదల్లేదు. రెండు కుర్చీల్లోనూ ఆయనే.

నీకు లేనిది ఆ మనిషి, అబ్బాయ్. పథకాలకు కొదవలేదు. ఈ పక్క నుంచి ఆ పక్కకు వెళ్లి, పని అయ్యేదాకా అక్కడే ఉండే మనిషి లేడు.

వరంగల్_చిన్నోడు
తాతా, ఆర్యభట్ట ఉపగ్రహం పీన్యా షెడ్లల్ల చేసిన్రని మా సీనియర్ అంటుండు. నిజమేనా?

జాలహళ్లి_తాత
నిజమే. యు.ఆర్. రావు గారి బృందం పీన్యాలో ఆస్‌బెస్టాస్ రేకుల షెడ్లలోనే చేసింది. 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్ మీద పైకి వెళ్లింది. ఆ బృందంలో ఎక్కువమంది నీ వయసు వాళ్లే.

ఓబులేసు_90
తాత గారి మీద గౌరవం ఉంది, కానీ నేను ఒప్పుకోను. అప్పుడు పది మంది మహానుభావులు ఉన్నారు, పని జరిగింది. దేశభద్రత పది మంది మీద ఆధారపడకూడదు. ఆ మనుషులు పోయాక ఏమైందో చూడండి. తేలికపాటి యుద్ధవిమానం తేజస్ కోసం ఏడీఏ అనే సంస్థను పెట్టింది 1984లో, అది గాల్లోకి లేచింది 2001 జనవరిలో. దానికోసం ఇక్కడే చేయబోయిన కావేరీ ఇంజన్ ఇప్పటికీ తేజస్‌లో కూర్చోలేదు. 2021లో అమెరికా కంపెనీకి 99 ఇంజన్లు ఆర్డరిస్తే మొదటిది చేతికందింది 2025 మార్చిలో. విమానం మనదే, అది ఎప్పుడు ఎగరాలో చెప్పేది ఇంకో దేశపు కంపెనీ. ఇది మనుషుల లోటు కాదు, పద్ధతి లోటు.

నెల్లూరు_కెరటం
ఓబులేసు గారూ, క్రయోజెనిక్ ఇంజన్ (అతిచల్లని ద్రవ ఇంధనంతో నడిచే రాకెట్ ఇంజన్) కథ కూడా చేర్చండి. 1991లో రష్యా వాళ్లతో ఒప్పందం, అమెరికా ఒత్తిడితో 1993లో టెక్నాలజీ ఇవ్వం అన్నారు. మన సొంత క్రయో ఇంజన్‌తో జీఎస్‌ఎల్‌వీ రాకెట్ మా శ్రీహరికోట నుంచి సరిగ్గా ఎగిరింది 2014 జనవరి 5న. ఇరవై ఏళ్లు పట్టింది, కానీ వచ్చింది. దాని వెనక ప్రైవేటు ఫ్యాక్టరీలు ఉన్నాయి, వెల్డర్లు ఉన్నారు, ఐటీఐ పిల్లలు ఉన్నారు. కాదంటే నేర్చుకుంటాం. కాదనే దాకా ఆగడమే మన జబ్బు.

మల్లేశ్వరం_మాస్టారు
ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ చెబుతాను. పీన్యా గారు కలిసిన మెటలర్జీ సార్ లాంటి వాళ్ల పక్షాన నాలుగు మాటలు.

ఆ బుష్ మీద ఆయన గడిపిన సమయానికి కాలేజీ లెక్కలో విలువ లేదు. ప్రమోషన్‌కి పేపర్లు చూస్తారు, సైటేషన్లు చూస్తారు. రక్షణ పనిమీద రాసింది ప్రచురించనివ్వరు, అంటే ఆ పని చేసినా చేయనట్టే. ల్యాబ్‌లో మెషిన్ పాడైతే స్పేర్ కొనడానికి మూడు కొటేషన్లు, కమిటీ సంతకాలు. వారంలో రిపోర్టు ఇవ్వండి అని ఫ్యాక్టరీ అడుగుతుంది, మేము సెమిస్టర్ లెక్కలో బతుకుతాం. ప్రభుత్వానికి మార్చి 31 తప్ప వేరే తేదీ కనిపించదు. మూడు క్యాలెండర్లు మూడు దారులు.

దేశం మొత్తం పరిశోధన మీద పెట్టే ఖర్చు 2020-21 లెక్కల్లో జీడీపీలో 0.64 శాతం. అందులో ప్రైవేటు పరిశ్రమ వాటా మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. ఎదిగిన దేశాల్లో చాలాచోట్ల సగానికి పైగా కంపెనీలే పెడతాయి. కాబట్టి తప్పంతా ఫైళ్లదే అనకండి. పెద్ద కంపెనీల యజమానులు కూడా జవాబు చెప్పాలి.

దారులు లేవని అనను. పరిశోధనకు నిధులిచ్చే అనుసంధాన్ ఫౌండేషన్ చట్టం 2023లో వచ్చింది. 2025లో లక్ష కోట్ల పరిశోధన నిధికి కేబినెట్ ఒప్పుకుంది. యూజీసీ 2022లో ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని తెచ్చింది, పీహెచ్‌డీ లేకపోయినా పని తెలిసిన నిపుణుడు క్లాసులోకి రావచ్చు. జాలహళ్లి తాత గారి లాంటి వాళ్లను ఎన్ని కాలేజీలు పిలిచాయి? మా కాలేజీలో నేను రెండుసార్లు ప్రతిపాదన పెట్టాను, మళ్లీ పెడతాను.

జాలహళ్లి_తాత
పిలిస్తే రేపే వస్తాను మాస్టారూ. జీతం అక్కర్లేదు. బస్సు దిగాక మెట్లు ఎక్కువ లేకుండా చూడండి చాలు.

కోలార్_పద్మ
నేను డ్రోన్లకు కెమెరా గింబల్స్ (కెమెరా ఊగకుండా పట్టే అమరికలు) చేసే చిన్న స్టార్టప్‌లో పనిచేస్తున్నా. రక్షణ శాఖ స్టార్టప్‌లకు సాయం చేసే ఐడెక్స్‌లో ఎంపికైనాం. ఆ పథకం 2018లో మొదలైంది, ప్రోటోటైప్‌కి కోటిన్నర దాకా గ్రాంటు. నిజం చెప్పాలంటే అది రాకపోతే మేం మూసేసుకునేవాళ్లం. గ్రాంటు కూడా మైలురాళ్ల ప్రకారం వచ్చింది, సైన్యం నుంచి ఒక ఆఫీసర్‌ను మాకు జత చేసినారు. ఆయన షాప్ ఫ్లోర్‌కి వచ్చి, గ్లవ్స్ వేసుకున్న చేత్తో ఈ బటన్ నొక్కలేం అని చెప్పినారు. ఆ ఒక్క మాటతో డిజైన్ మారింది. ఏ రిపోర్టు చదివినా మాకు ఆ సంగతి తెలిసేది కాదు.

కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ప్రోటోటైప్ పాసైనాక ఆర్డర్ దాకా ఉండే ఖాళీలోనే చిన్న కంపెనీలు చచ్చిపోయేది. ఎడారిలో ఎండాకాలం ట్రయల్ ఉంటుంది, అది తప్పితే మళ్లీ వచ్చే ఎండాకాలమే. అంతదాకా జీతాలు ఎవరిస్తారు? బ్యాంకు వాళ్లకు గ్రాంటు లెటర్ చూపిస్తే పర్చేజ్ ఆర్డర్ ఏదమ్మా అంటారు. గ్రాంటు వేరు, ఆర్డర్ వేరు.

పీన్యా_లేత్
పద్మక్కా, సరిగ్గా నాదీ అదే కష్టం. శాంపిల్‌కి పెట్టిన ఖర్చు నా జేబులోంచే. దానికోసం చేసిన ఫిక్స్చర్ (పార్టును పట్టి ఉంచే బిగింపు) ఇప్పటికీ మూల పడి ఉండాది.

వరంగల్_చిన్నోడు
నేను ఎంటెక్ చేస్తున్న, డ్రాయింగ్ తీస్కపోయిన ఆ పిల్లగాని వయసే నాది. వాణ్ని తిట్టకుండ్రి. మాకు ఎడ్యుకేషన్ లోన్ ఉంటది. గీ పనిల ఒక్క పార్టు మీద ఆర్నెల్లు కష్టపడ్డా రెజ్యూమేల ఏం రాసుకోవాల్నో తెల్వదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ మొదటి నెల నుంచే జీతం ఇస్తది. దేశం మీద ప్రేమ లేక కాదు పోయేది. దారి కనవడక.

ఓబులేసు_90
చిన్నోడు చెప్పింది వంద శాతం కరెక్ట్.

లాగ్‌బుక్_లత
సైబర్ సెక్యూరిటీలో ఉన్నాను. రాత్రి షిఫ్టులో ఈ చర్చంతా చదివాను. అందరూ విమానాలు, ఇంజన్ల గురించి మాట్లాడారు. అసలు ప్రమాదం మొదటి పోస్టులోనే ఉంది, ఎవరూ ఆగి చూడలేదు. రక్షణ పార్టు డ్రాయింగ్ ఒక విద్యార్థి సొంత ల్యాప్‌టాప్‌లో ఉంది. ఆ ల్యాప్‌టాప్ ఇప్పుడు వేరే కంపెనీ వైఫైలో, రూమ్మేట్ వైఫైలో, ఎయిర్‌పోర్ట్ వైఫైలో తిరుగుతోంది.

శత్రువు పెద్ద సంస్థ గేటు దగ్గరికి రాడు. అక్కడ కాపలా గట్టిగా ఉంటుంది. చిన్న సప్లయర్ కంప్యూటర్ దగ్గరికి వస్తాడు, కాలేజీ సర్వర్ దగ్గరికి వస్తాడు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ మీద దాడి జరిగినప్పుడు ఆసుపత్రి రోజుల తరబడి కాగితం, పెన్నుతో నడిచింది. అది ఆయుధ కర్మాగారం కాదు, అయినా దేశ రాజధానిలో రోగులు క్యూల్లో ఇరుక్కున్నారు. భద్రత అంటే ఇది కూడా. కరెంటు గ్రిడ్, నీళ్ల పంపులు, యూపీఐ, మందుల సరఫరా, అన్నీ.

చట్టం ఉంది. 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలు వచ్చాయి. ఏదైనా సంఘటన జరిగితే తెలిసిన 6 గంటల్లో చెప్పాలి, లాగ్స్ (కంప్యూటర్‌లో ఏం జరిగిందో చూపే రికార్డులు) 180 రోజులు దాచాలి. పెద్ద కంపెనీల్లో మాలాంటి వాళ్లం ఆ పని చూస్తాం. పీన్యాలో పది మంది పనిచేసే షాపులో లాగ్ అంటే ఏమిటో ఎవరు చెబుతారు? అక్కడే కాలేజీలు పనికొస్తాయి. సైబర్ కోర్సు పిల్లలు పరీక్ష కోసం ఉత్తుత్తి నెట్‌వర్క్ మీద ప్రాక్టీసు చేస్తారు. వాళ్లను నిజమైన షాపులకు పంపి, కంప్యూటర్లు సరిచేయించి, దానికి మార్కులివ్వండి.

పీన్యా_లేత్
లతమ్మా, చదవగానే గుండె గుభేలుమంది. పిల్లోడికి ఫోన్ చేసినా. డ్రాయింగ్ పంపిస్తానన్నాడు, వాట్సాప్‌లో.

లాగ్‌బుక్_లత
వాట్సాప్ వద్దు అన్నా! ఆయన్ను పెన్‌డ్రైవ్‌తో స్వయంగా రమ్మనండి, ముందు దాన్ని స్కాన్ చేయించండి. ఫైలు మీ దగ్గర చేరాక ఆయన ల్యాప్‌టాప్‌లోంచి, మెయిల్‌లోంచి తీసేయించండి. పార్టు అడిగిన సంస్థకూ ఈ సంగతి రాతపూర్వకంగా చెప్పండి, దాచొద్దు. మీ సీఎన్‌సీకి ప్రోగ్రాం ఎక్కించే కంప్యూటర్‌కి ఇంటర్నెట్ తీసేయండి. దాంట్లో యూట్యూబ్ చూస్తున్నారా?

పీన్యా_లేత్
ఆపరేటర్లు పాటలు పెట్టుకుంటారు.

లాగ్‌బుక్_లత
వాళ్లకొక రేడియో కొనివ్వండి.

జాలహళ్లి_తాత
మూడూ కలిసిన సందర్భం ఈ మధ్యదే ఒకటి ఉంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు వెంటిలేటర్లు బయటి నుంచి రావడం కష్టమైంది. డిజైన్ మైసూరులోని స్కాన్‌రే అనే ప్రైవేటు కంపెనీది. డీఆర్‌డీవో సాంకేతిక సాయం చేసింది. బెంగళూరులో రాడార్లు చేసే ప్రభుత్వ రంగ సంస్థ బీఈఎల్ తయారీకి దిగింది. ఆరోగ్య శాఖ ఏకంగా 30,000 యంత్రాలకు ఆర్డర్ ఇచ్చింది. రాడార్లు బిగించే చేతులు నెలల్లోనే వెంటిలేటర్లు బిగించాయి. దిగుమతి ఆగిన చిన్న చిన్న వాల్వులు, సెన్సర్లు కూడా ఇక్కడే చేయించారు.

ఓబులేసు_90
తాత గారూ, ఇప్పుడు మీరే నా మాట నిరూపించారు. అక్కడ ఆర్డర్ ముందొచ్చింది! ఇన్ని కొంటాం అని సర్కారు చెప్పింది కాబట్టే అందరూ కదిలారు. పీన్యా అన్నకు ముందు శాంపిల్ అడిగారు, కొంటామని ఎవరూ చెప్పలేదు. తేడా అంతా అక్కడే ఉంది.

జాలహళ్లి_తాత
సరే, ఆ మేరకు నీతో ఏకీభవిస్తాను. కానీ ఆ ఆర్డర్ అందుకోవడానికి ముందు నుంచే డిజైన్ చేసి పెట్టుకున్న కంపెనీ ఒకటి మైసూరులో ఉంది చూడు. అది లేకపోతే 30,000 అన్న సంఖ్య కాగితం మీదే ఉండేది.

వైట్‌ఫీల్డ్_వాణి
టెలికాం పని మీద ఫిన్లండ్‌లో కొన్నేళ్లు ఉండి తిరిగొచ్చాను. వాళ్ల పద్ధతి చెబుతాను. పక్కనే రష్యా, జనాభా 60 లక్షల లోపు. 1961 నుంచి జాతీయ రక్షణ కోర్సు అని నడుపుతున్నారు. ఎంపీలు, కంపెనీల అధిపతులు, పత్రికల సంపాదకులు, సైనికాధికారులు కొన్ని వారాలు కలిసి కూర్చుంటారు. కరెంటు పోతే ఏం చేస్తాం, ఓడలు ఆగితే ఏం చేస్తాం అని కలిసి ఆలోచిస్తారు. అత్యవసర సరఫరాలకు విడిగా ప్రభుత్వ సంస్థ ఉంది. ధాన్యం, ఇంధనం, మందులు నిల్వ పెడుతుంది. ఒక్కో రంగం కంపెనీలు ఒక్కో బృందంగా దాంతో పనిచేస్తాయి. మా ఆఫీసులో ఒక సాదాసీదా మేనేజర్‌కు కూడా సంక్షోభం వస్తే తాను ఎవరికి ఫోన్ చేయాలో తెలుసు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

సింగపూర్‌లో 1984 నుంచి టోటల్ డిఫెన్స్ అని స్కూల్ పిల్లలకే నేర్పుతారు. మనకు ఢిల్లీలో నేషనల్ డిఫెన్స్ కాలేజ్ 1960 నుంచి ఉంది, సైనికాధికారులూ సివిల్ సర్వీసు అధికారులూ కలిసి చదువుతారు. మంచిదే. అలాంటిది జిల్లా స్థాయిలో, చిన్న పరిశ్రమల వాళ్లతో, కాలేజీ వాళ్లతో ఎందుకు పెట్టకూడదు?

కావలి_కాంతం
అందరూ ఒకే వైపు నడుస్తున్నారు కాబట్టి ఎదురు మాట నేను చెప్పాలి. యూనివర్సిటీలో సోషల్ సైన్స్ చెబుతాను. కాలేజీని భద్రత పనిలోకి లాగినకొద్దీ అక్కడ ప్రశ్న అడిగే స్వేచ్ఛ తగ్గుతుంది. ఈ పరిశోధన రహస్యం, ఈ విద్యార్థి రాకూడదు, ఈ సెమినార్ వద్దు అని మొదలవుతుంది. డబ్బు ఒకే చోటి నుంచి వస్తే, ఆ చోటికి నచ్చని పరిశోధన ఆగిపోతుంది. నీళ్లు, నేల, ప్రజారోగ్యం మీద పనిచేసే వాళ్లకు నిధులు మిగలవు. వాణి గారు చెప్పిన ఫిన్లండ్‌లో పత్రికలకు, యూనివర్సిటీలకు ఉన్న స్వేచ్ఛ కూడా అక్కడి భద్రతలో భాగమే. అది వదిలేసి కోర్సు ఒక్కటే తెచ్చుకుంటే లాభం లేదు.

మల్లేశ్వరం_మాస్టారు
కాంతం గారూ, మీ భయంలో నిజం ఉంది. నా ఉద్దేశం, రహస్య పని క్యాంపస్ బయట జరగాలి. మెటీరియల్ సైన్స్, పరీక్షించే పద్ధతి, ఎన్‌క్రిప్షన్ గణితం, ఇవన్నీ క్లాసులో బాహాటంగా నేర్పొచ్చు. పార్టు కొలతలు మాత్రం ఫ్యాక్టరీ గోడల మధ్య ఉండాలి. పీన్యా గారి డ్రాయింగ్ కాలేజీలో గీయడమే సమస్య అయింది. పిల్లవాడు షాపుకి వచ్చి, షాపు కంప్యూటర్ మీద గీసి ఉంటే ఈ బాధ లేదు.

కావలి_కాంతం
అలా అయితే నాకు అభ్యంతరం తక్కువ. విద్యార్థి ఏ పని మీద సంతకం చేస్తున్నాడో ముందే చెప్పాలి, వద్దనే హక్కు వాడికి ఉండాలి. అది రాసిపెట్టండి.

నెల్లూరు_కెరటం
ఇంకో మాట. 2025 ఏప్రిల్‌లో చైనా అరుదైన లోహాల ఎగుమతి బిగించింది. మ్యాగ్నెట్లు దొరక్క మన ఎలక్ట్రిక్ బండ్ల కంపెనీలు తల్లడిల్లాయి. మా తీరంలో బీచ్ ఇసుకలో ఆ లోహాలుండే మోనజైట్ ఖనిజం ఉంది. ఇసుక నుంచి మ్యాగ్నెట్ దాకా మధ్యలో ఉండే రసాయన పని తెలిసిన వాళ్లు తక్కువ. కెమికల్ ఇంజనీరింగ్ సీట్లు ఖాళీగా ఉంటున్నాయి, కంప్యూటర్ సీట్ల కోసం తొక్కిసలాట. దీని గురించి కూడా ఎవరైనా మాట్లాడండి.

కోలార్_పద్మ
పీన్యా అన్నా, సృజన్ పోర్టల్ చూసినారా? 2020 ఆగస్టులో పెట్టినారు. ప్రభుత్వ రంగ సంస్థలు దిగుమతి చేసుకునే వస్తువులు అందులో పెట్టి, ఇక్కడ ఎవరు చేయగలరని అడుగుతాయి. ఇక ఆర్డర్ వచ్చినాక డబ్బు 45 రోజుల్లో రావాలని 2006 ఎంఎస్‌ఎంఈ (చిన్న పరిశ్రమల) చట్టం చెబుతుంది, చిన్న పరిశ్రమగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఫోన్‌లో శాంపిల్ అడిగితే ఈసారి రాతపూర్వకంగా అడగమనండి. ఎన్ని కావాలి, ఏ ధరకు, పాసైతే మొదటి లాట్ మీకే ఇస్తారా అని. గట్టిగా అడగండి, తప్పేం లేదు.

ఓబులేసు_90
ఇది వంద మీటింగుల పెట్టు. పద్మ గారికి దండం.

మల్లేశ్వరం_మాస్టారు
మా ఆఖరి సెమిస్టర్ పిల్లలకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. చాలామంది ఏదో సర్టిఫికెట్ కొనుక్కొచ్చి ఇస్తారు. ఈసారి నలుగురిని పీన్యా పంపిస్తాను, ఇద్దరు మెకానికల్, ఇద్దరు సైబర్. లత గారు సైబర్ పిల్లలకు శనివారం గంట ఇవ్వగలరా? తాత గారు డ్రాయింగ్ చెక్ చేయాలి. కాంతం గారు చెప్పిన అంగీకార పత్రం నేనే రాస్తాను, ఆవిడ చూసి సరిదిద్దాలి.

లాగ్‌బుక్_లత
శనివారం పొద్దున అయితే ఓకే. షిఫ్ట్ దిగి నేరుగా వస్తాను.

ఓబులేసు_90
స్టైపెండ్ ఎవరిస్తారు? ఊరికే పని చేయించుకుంటే నేను ఒప్పుకోను.

పీన్యా_లేత్
నేనిస్తా. అప్రెంటిస్ కింద నమోదు చేస్తే స్టైపెండ్‌లో నాలుగో వంతు, 1,500 దాకా కేంద్రం తిరిగిస్తుందంట, కనుక్కుంటా. ఇవ్వకపోయినా నేనిస్తా. మధ్యాన్నం భోజనం మా ఇంటి నుంచే, రాగి సంగటి తినేవాళ్లయితే ఇంకా మంచిది.

వరంగల్_చిన్నోడు
మాస్టారూ, నేను వేరే కాలేజీ, ఎంటెక్. నేను గూడ రావొచ్చా? ప్రాజెక్టు ఇంకా ఖాయం కాలే.

మల్లేశ్వరం_మాస్టారు
మీ గైడ్ చేత ఒక ఉత్తరం రాయించుకుని రా బాబూ. ఆయన నంబర్ నాకు ప్రైవేట్ మెసేజ్‌లో పంపు, నేను మాట్లాడతాను.

పీన్యా_లేత్
రా తమ్ముడూ. మెట్రోలో పీన్యా ఇండస్ట్రీ స్టేషన్‌లో దిగి ఫోన్ చెయ్యి. బూట్లు వేసుకొని రా, షాపులో చెప్పులతో రానియ్యను.